తెలుగు టాకీకి కలకత్తా ఆశ్రయం

హుగ్లీ నది ఒడ్డునున్న గార్డెన్ రీచ్, నేటి ఆగ్నేయ రైల్వేకు వలెనే, ఒకనాటి బెంగాల్ నాగపూర్ రైల్వేకూ ప్రధాన కేంద్రం. ఆ సంస్థ రైలుమార్గం వాల్తేరును కలకత్తాతో కలిపింది. తెలుగు సినిమా తొలి అడుగులకు ఆ మహానగరమే ఒక ముఖ్యమైన మజిలీ అయింది.

1932లో తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ బొంబాయిలో తయారైంది. అప్పటికి తెలుగునాట టాకీ స్టూడియో లేదు. 1933లో కాకినాడకు చెందిన సి. పుల్లయ్య కలకత్తాలో ఈస్టిండియా ఫిలిం కంపెనీకి ‘సావిత్రి’ తీశారు. దాసరి రామతిలకం సావిత్రిగా, వేమూరి గగ్గయ్య యముడుగా నటించారు. మరుసటి ఏడు పారుపల్లి సుబ్బారావు, శ్రీరంజని సీతారాములుగా ‘లవకుశ’ వెలువడింది.

అదే 1934లో ఆ కంపెనీ నిర్మించగా దేవకీ బోస్ దర్శకత్వం వహించిన ‘సీత’ వెనిస్ చలనచిత్రోత్సవానికి వెళ్లి గౌరవ డిప్లొమా పొందింది. అంతర్జాతీయ ఉత్సవంలో ప్రదర్శితమైన తొలి భారతీయ టాకీగా దానిని పేర్కొంటారు.

ఒకే సంస్థ ఒక చిత్రాన్ని పరదేశానికి పంపింది. మరొక భాషకు తన ఇంటనే చోటిచ్చింది. మొదటిది ఉత్సవాల చరిత్రకెక్కింది. 1936లో రాజమహేంద్రవరాన దుర్గా సినీటోన్ వెలిసేవరకు తెలుగు మాటకు తెరనిచ్చింది పరాయి నగరాలే. సినిమా చరిత్ర బహుమతులతోపాటు ఆ ఆశ్రయాన్నీ లెక్కించాలి.