పాత బొక్కెన, పుట్టమన్ను, గుప్పెడు నిప్పు

వానాకాలంలో సూరత్‌లోని పాండేసర రోడ్ల మీద, రంగుల మిల్లుల షిఫ్టు వదిలే వేళకు మొక్కజొన్న బండ్ల మీద కుంపట్లు రాజుకుంటాయి. వాటిలో దుకాణంలో కొన్నవి తక్కువ. ఒళ్లు ఒకప్పటి నూనె డబ్బానో, అడుగు చిల్లిపడ్డ బొక్కెనో అయి ఉంటుంది. చువ్వలు ఏ ఇల్లు కట్టేచోటో మిగిలిపోయినవి. కాళ్లు తుక్కు కొట్టులో తూకానికి తెచ్చిన ఇనుప ముక్కలు. పాతబడ్డ మరమగ్గాలను విప్పి అమ్మే ఊరు కాబట్టి సూరత్‌లో ఇలాంటి ఇనుముకు కొదవ లేదు.

ఈ ఊరికి తెలుగువాళ్లు కొత్త కాదు. నల్లగొండ, వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో చేనేత చితికిపోయినప్పుడు పద్మశాలీ కుటుంబాలు మరమగ్గాలను వెతుక్కుంటూ షోలాపూర్, భివండీ, సూరత్ దారి పట్టాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడిపేటంతగా ఇక్కడ స్థిరపడ్డాయి. చలికాలం వస్తే సూరత్ వీధుల్లో పోంక్ అమ్ముతారు. లేత జొన్నకంకులను నిప్పుల మీద కాల్చి నలిపి తీసిన గింజలవి. తెలంగాణ పల్లెల్లో వాటినే ఊసబియ్యం అంటారు. చేను గట్టున ఊసబియ్యం తిని పెరిగినవాళ్లకు ఈ ఊళ్లో మొదట తెలిసిన రుచి అదే అయి ఉండాలి.

కుంపటి వయసు చెప్పడం కష్టం. అయితే మన సామెతల్లో దాని జాడ గట్టిగా ఉంది. తన కోడి, తన కుంపటి లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ కథ తెలియని తెలుగువాళ్లు అరుదు. అగ్గిపెట్టె లేని రోజుల్లో నివురు కింద దాచిన నిప్పు ఎంత విలువైనదో ఆ కథ చెబుతుంది. ఇరుగుపొరుగు వచ్చి ఆ కుంపట్లోంచే నిప్పు పట్టుకెళ్లేవారు. ఇక కంసాలి బతుకంతా కుంపటి ముందే గడిచేది, చేతిలో ఊదుగొట్టంతో.

కుంపట్లో బొగ్గుకు పెద్దరికం ఊరికే రాలేదు. కట్టెను గాలి చాలకుండా కాలిస్తే అందులోని తేమ, పొగ పుట్టించే వాయువులు ముందే పోతాయి. మిగిలిన బొగ్గు బరువు తక్కువ. కిలోకు కిలో చూస్తే దాని వేడి కట్టె కంటే దాదాపు రెట్టింపు. పొగ దాదాపు ఉండదు కాబట్టి మొక్కజొన్న పొత్తు మీద మసి పట్టదు.

మట్టి కుంపటికి ఇనుప ఒళ్లు రావడం పెద్ద మలుపు. దాని వెనక ఎక్కడెక్కడి చరిత్రో ఉంది. ప్రపంచాన్ని 72 రోజుల్లో చుట్టి వచ్చిన అమెరికా పాత్రికేయురాలు నెల్లీ బ్లై తర్వాత ఇనుప సామాన్ల కర్మాగారం నడిపారు. అక్కడి ఉద్యోగి హెన్రీ వేర్‌హాన్ ఉక్కు పీపాకు చేసిన రూపకల్పనకు 1905లో పేటెంట్ వచ్చింది, అది ఆమె పేరుకు బదిలీ అయింది. నేటి 200 లీటర్ల డ్రమ్ము ఆ వరసలోదే. నూనె మోసి ఖాళీ అయిన డ్రమ్ము ఎక్కడికి చేరితే అక్కడ పొయ్యిగా మారింది. పంజాబీ తందూరు మట్టి కుండను డ్రమ్ములో దించి, చుట్టూ మట్టి కూరితే బండి మీద తిరిగే తందూరు తయారైంది.

తూర్పు ఆఫ్రికా కథ మనకు మరీ దగ్గరిది. 1896లో మొదలైన ఉగాండా రైలు మార్గం పనులకు వెళ్లిన భారతీయ కూలీలే రేకు కుంపటిని కెన్యాకు తీసుకెళ్లారని చెబుతారు. నైరోబీ కార్మికులు పాత డ్రమ్ముల రేకుతో దాన్ని కొట్టడం నేర్చారు. 1980ల మొదట్లో థాయిలాండ్ బకెట్టు పొయ్యిని చూసి దానికి కాల్చిన మట్టి లోపొర చేర్చారు. రేకు బయటికి వదిలే వేడిని మట్టి ఆపింది, బొగ్గు ఆదా అయింది. షికాగోలో 1952లో జార్జ్ స్టీఫెన్ చేసిందీ వేరే పనికి పుట్టిన సామానుతోనే. ఆయన పనిచేసిన వెబర్ బ్రదర్స్ మెటల్ వర్క్స్‌లో నీటి మీద తేలే లోహపు బోయాలు తయారయ్యేవి. ఆయన ఆ గోళాన్ని సగానికి కోసి, కింది సగంలో బొగ్గులు పోసి, పై సగాన్ని మూత చేశాడు.

మన ఇళ్లలో మాత్రం కుంపటి కిరోసిన్ స్టవ్ ముందు తగ్గింది, గ్యాసు ముందు ఇంకా తగ్గింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్యాసు కనెక్షన్లిచ్చే దీపం పథకం వచ్చాక పల్లె వంటింట్లోనూ వెనక్కి పోయింది. అయినా బండి మీద నిలిచింది, ఎందుకంటే పొత్తు రుచి గ్యాసు మంటకు రాదు.

పాత కుంపటిని బాగు చేయడం ఓపిక పని. ముందు పగిలిన మట్టిని రాలగొట్టి, రేకును ఎండకు ఎత్తిపట్టి చిల్లులు వెతకాలి. ఎప్పుడూ మొదట పోయేది అడుగే, తడిసిన బూడిద ఇనుమును తినేస్తుంది. అక్కడ లారీ బ్రేక్ డ్రమ్ము దించితే ఏళ్ల తరబడి మాట్లాడదు. పోత ఇనుము మందం అలాంటిది. నిప్పు రాజేయడానికి విసనకర్ర బదులు సైకిల్ చక్రానికి చేతిపిడి తగిలించి, బెల్టుతో చిన్న ఫ్యానును తిప్పుతారు. చక్రం 20 అంగుళాలు, ఫ్యాను పుల్లీ 2 అంగుళాలు అయితే చేతి తిప్పు ఒకటికి ఫ్యాను పది చుట్లు తిరుగుతుంది.

ఏ సామానైనా పనికొస్తుందనుకుంటే ప్రమాదం. జింకు పూత ఉన్న బొక్కెన ఎర్రగా కాలితే వచ్చే పొగ పీల్చినవాళ్లకు జ్వరం తెస్తుంది. మండే ద్రవాలు మోసిన డ్రమ్మును అలాగే కోస్తే లోపల మిగిలిన ఆవిరి పేలవచ్చు. రంగులు, రసాయనాలు నింపి వచ్చిన డ్రమ్ములు మిల్లుల ఊళ్లో చవగ్గా దొరకొచ్చు, తిండి వండే కుంపటికి అవి అసలు వద్దు. మూసిన గదిలో కుంపటి పెట్టుకోవడం అన్నిటికన్నా చెడ్డది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

చివరగా మట్టి. పుట్టమన్నులో ఊక, పేడ కలిపి మర్దించి రెండు వేళ్ల మందాన పూయడం మన పల్లె పద్ధతి. దక్షిణ గుజరాత్‌లో ఎక్కువగా ఉండేది నల్లరేగడి. తడిస్తే ఉబ్బి, ఆరితే నెర్రెలిస్తుంది, ఒంటరిగా పూస్తే నిలవదు. కుమ్మరి మట్టి తెచ్చి ఇసుక కలుపుకోవాలి. పూత నీడలోనే ఆరాలి. నెర్రెలు కనబడినచోట పలచటి మట్టితో మెత్తాలి. మొదటిసారి నాలుగు నిప్పుకణికలే వేసి, వేడి మెల్లగా ఎక్కనివ్వాలి. మట్టిలో మిగిలిన తేమ ఒక్కసారిగా ఆవిరైతే పూత పెచ్చులుగా లేచిపోతుంది.