ఎడమవైపు ఏం చూపిద్దాం?

మా అన్నయ్యవాళ్లు నాదర్‌గుల్‌లో ఉంటారు. ఈమధ్య వెళ్లినప్పుడు వాళ్లమ్మాయి, “అత్తయ్యా, ఇబ్రహీంపట్నం చెరువు మీద పది నిమిషాల డాక్యుమెంటరీ తీస్తున్నా. స్క్రిప్టు నువ్వే రాయాలి” అంది. నవలలు రాసేదానికి పది నిమిషాల సినిమా ఒక లెక్కా అనుకున్నాను. ఇరవై పేజీలు రాసి ఇచ్చాను.

పిల్ల నవ్వింది. ఓ తెల్లకాగితం మధ్య నిలువుగా గీత గీసింది. ఎడమవైపు కంటికి కనబడేది, కుడివైపు చెవికి వినబడేది రాయాలట. “బొమ్మ చెప్పింది మాట మళ్లీ చెప్పకూడదు. పైకి చదివి గడియారం చూసుకో” అంది. చదివితే నలభై నిమిషాలు పట్టింది!

ఈ పది నిమిషాల లెక్క పాతదే. 1948లో ప్రభుత్వం ఫిల్మ్స్ డివిజన్ పెట్టింది. మా చిన్నప్పుడు హాల్లో అసలు సినిమాకి ముందు వాళ్ల చిత్రాలే వేసేవారు. వెయ్యి అడుగుల 35 మిల్లీమీటర్ల ఫిల్ము, సెకనుకి 24 బొమ్మల చొప్పున, సుమారు 11 నిమిషాల్లో అయిపోతుంది. ఇప్పుడు రీళ్లు లేవు గానీ చూసేవాళ్ల ఓపిక అంతే ఉంది.

ఇక కొట్టివేతలు మొదలయ్యాయి. చెరువు ఇబ్రహీం కుతుబ్‌షా (1550–1580) కాలం నాటిది. ఆయన కుర్రతనంలో ఏడేళ్లు విజయనగరంలో తలదాచుకుని తెలుగు మరిగాడు. మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరకవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ అంకితమిచ్చాడు. నీడనిచ్చిన ఆ విజయనగరం మీదికే 1565లో యుద్ధానికి వెళ్లిన సుల్తానుల్లో ఆయనా ఒకడు. ఎంత కథ! ఆరు పేజీలు రాశాను. రెండు వాక్యాలు మిగిలాయి. ప్రాణం ఉసూరుమంది.

అయినా రాజుగారికేం, ఎడమవైపు చూపించడానికి గోల్కొండలో సమాధి ఉంది, ఊరికి ఆయన పేరే ఉంది. చిక్కు వచ్చింది మరోచోట. మట్టి తట్టలు మోసి కట్ట పోసినవాళ్ల గురించి ఓ పేరా రాశాను. ఆడవాళ్ల చెయ్యి పడకుండా అంత కట్ట లేచి ఉంటుందా? కానీ వాళ్లకి బొమ్మ లేదు, పేరు లేదు.

“ఎడమవైపు ఖాళీ. తీసేద్దామా?” అంది పిల్ల.

మనసొప్పలేదు. చరిత్ర రాసినవాళ్లూ అదే చేశారు కదా. బొమ్మ దొరకలేదని మనమూ కొట్టేస్తే ఎలా?

సాయంత్రం చెరువుకి వెళ్లాం. కట్టమీద ఒకావిడ గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వస్తోంది. పిల్ల ఆవిణ్ణి అడిగి, సరేనన్నాకే కెమెరా తీసింది. ఇంటికొచ్చి ఎడమవైపు రాసింది: ‘కట్టమీద గడ్డిమోపుతో స్త్రీ.’ కుడివైపు నా పేరా అంతా కొట్టేసి, ‘అడుగుల చప్పుడు, 12 సెకన్లు’ అని రాసింది. దానికింద నేనొక్క వాక్యం చేర్చాను: ‘ఈ కట్ట మోసినవాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు.’ పిల్ల దాన్ని కొట్టెయ్యలేదు.

చివరికి స్క్రిప్టు నాలుగు పేజీలు తేలింది. మా వదిన అటూ ఇటూ తిప్పి చూసి, “ఇంతేనా? ఇరవై పేజీలన్నారు!” అంది.

“మిగతావి నవలలో వాడుకుంటాలే వదినా” అన్నాను.