చెరువు ఒడ్డున లేఅవుట్.. ఎఫ్‌టీఎల్ హద్దే కీలకం
ప్లాటు కొనేముందు తెలుసుకోవాల్సిన నిబంధనలు

సరూర్‌నగర్: దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ పరిసరాల్లో ఖాళీ స్థలం అరుదైపోయింది. చెరువుల అంచున మిగిలిన భూములకు సైతం గిరాకీ ఏర్పడింది. ‘లేక్ వ్యూ’ పేరిట ప్లాట్లు చేసే ప్రతి ప్రతిపాదనకూ అధికారులు ముందుగా తేల్చవలసిన ప్రశ్న ఒక్కటే. చెరువు నిండినప్పుడు నీరు ఎక్కడి వరకు వస్తుంది? ఆ గీత తేలకుండా రోడ్లు, పార్కుల నక్షా ఎంత చక్కగా గీసినా ప్రయోజనం లేదు. నష్టం చివరకు ప్లాటు కొన్నవారిపైనే పడుతుంది.

వరద నేర్పిన పాఠం
సరూర్‌నగర్ చెరువు 1626 నాటిదని చెబుతారు. విస్తీర్ణం సుమారు 99 ఎకరాలు. ఎగువన బైరామల్‌గూడ తదితర చెరువుల నుంచి వచ్చే నీరు ఇందులో చేరి, నిండిన తరువాత నాలాల ద్వారా మూసీకి వెళ్లాలి. గొలుసుకట్టులో ఒక చెరువు కుంచించుకుపోయినా, మధ్యలో నాలా ఇరుకైనా నీరు కాలనీల బాట పడుతుంది. 2020 అక్టోబరు 13న కురిసిన కుండపోత వర్షానికి సరిగ్గా ఇదే జరిగింది. ఘట్‌కేసర్ ప్రాంతంలో 30 సెంటీమీటర్లకు పైగా వాన పడిన ఆ రోజు తరువాత సరూర్‌నగర్ పరిసర కాలనీల్లో అనేక ఇళ్లు నీట మునిగాయి. చెరువు దిగువన ఉన్న కోదండరాంనగర్ వంటి కాలనీలకు మరుసటి ఏడాదీ ముంపు తప్పలేదు.

ఎఫ్‌టీఎల్ అంటే..
చెరువు నిండి అలుగు పారడానికి సిద్ధంగా ఉన్నప్పుడు నీరు నిలిచే మట్టాన్ని పూర్తి నీటిమట్టం, అంటే ఎఫ్‌టీఎల్ అంటారు. ఆ మట్టంలో మునిగే నేలంతా చెరువు కిందికే వస్తుంది. వేసవిలో ఎండి మైదానంలా కనిపించినంత మాత్రాన అది చెరువు కాకుండా పోదు. ఎఫ్‌టీఎల్ వెలుపల నిర్ణీత దూరం వరకు ఖాళీగా వదలవలసిన పట్టీని బఫర్ జోన్ అంటారు.

2012 ఏప్రిల్ 7న వెలువడిన జీవో 168 ప్రకారం చెరువు గర్భంలో, ఎఫ్‌టీఎల్ పరిధిలో, శిఖం భూముల్లో ఎలాంటి నిర్మాణానికీ అనుమతి లేదు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులు, కుంటలకు 9 మీటర్లు వదలాలి. పది మీటర్లకు మించి వెడల్పు గల నాలాలు, వాగులకు 9 మీటర్లు, అంతకు తక్కువ వెడల్పు గలవాటికి 2 మీటర్ల దూరం పాటించాలి. సరూర్‌నగర్ చెరువు దాదాపు 40 హెక్టార్లు ఉన్నందున దానికి 30 మీటర్ల నిబంధన వర్తిస్తుంది. బఫర్ స్థలాన్ని పార్కు వంటి ఖాళీ స్థలం కింద లెక్కించవచ్చు. ఇంటి చుట్టూ వదలవలసిన స్థలం కింద మాత్రం చూపరాదు.

ఎవరు ఏమి చూస్తారు?
లేఅవుట్ దరఖాస్తు అందిన తరువాత భూమి యాజమాన్యం, సర్వే నంబరు, శిఖం వివరాలను రెవెన్యూ శాఖ పరిశీలిస్తుంది. ఎఫ్‌టీఎల్, అలుగు, కాల్వల హద్దులను తేల్చవలసినది నీటిపారుదల శాఖ. స్థలం ఏ అవసరానికి కేటాయించినదో మాస్టర్ ప్లాన్‌తో సరిచూసి, రోడ్ల వెడల్పును, ఖాళీ స్థలాలను హెచ్‌ఎండీఏ ప్రణాళికా విభాగం పరిశీలిస్తుంది. 1975లో ఏర్పడిన హుడా స్థానంలో ఈ సంస్థ 2008లో వచ్చింది.

చెరువుల హద్దులు నిర్ణయించేందుకు హైకోర్టు ఆదేశాలతో 2010లో చెరువుల పరిరక్షణ కమిటీ ఏర్పాటైంది. సర్వే చేసి ముందుగా ప్రాథమిక నోటిఫికేషన్ ఇస్తారు. దానిపై అభ్యంతరాలు స్వీకరించి తుది నోటిఫికేషన్ వెలువరిస్తారు. తుది ప్రకటన లేని చెరువుల చుట్టూనే వివాదాలు ముసురుకున్నాయి. ఈ ప్రక్రియను త్వరగా ముగించాలని 2024లో హైకోర్టు ఆదేశించింది. అదే ఏడాది జులైలో ఏర్పాటైన హైడ్రా, చెరువుల ఆక్రమణల తొలగింపును చేపట్టింది.

పట్టా ఉన్నా కట్టరాదు
చెరువు లోపల పట్టా భూములు ఉండటం కొత్తేమీ కాదు. నీరు తగ్గినప్పుడు రైతు సాగు చేసుకోవచ్చు. యాజమాన్య హక్కు ఉన్నంత మాత్రాన ఇల్లు కట్టే హక్కు రాదు. రిజిస్ట్రేషన్ జరిగిందని, బ్యాంకు రుణం ఇచ్చిందని, కరెంటు మీటరు వచ్చిందని ధైర్యపడితే పొరపాటే. ఇవేవీ లేఅవుట్ అనుమతికి బదులు కావు. 2020 ఆగస్టు 31 నాటి జీవో 131 ద్వారా తెచ్చిన క్రమబద్ధీకరణ పథకంలోనూ ఎఫ్‌టీఎల్ పరిధిలోని ప్లాట్లకు చోటు లేదు.

తిరుపతి తీర్పు
తిరుపతి సమీపంలోని అవిలాల, పేరూరు చెరువు భూములను ఇళ్ల నిర్మాణానికి ప్రభుత్వమే కేటాయించగా వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 2006లో వెలువడిన తీర్పు, సహజ వనరులకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనని స్పష్టం చేసింది. ఆ చెరువుల్లో ఇకపై కొత్త నిర్మాణాలు వద్దని, నీరు వచ్చే కాల్వలను పునరుద్ధరించాలని ఆదేశించింది. అప్పటికే వెలసిన ఇళ్ల వల్ల చెరువులను పూర్వస్థితికి తేవడం మాత్రం సాధ్యపడలేదు. పరిశీలన ప్లాట్లు అమ్మకముందే జరగాలనడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

కొనేవారు చూడవలసినవి
* లేఅవుట్ అనుమతి సంఖ్య, ఆమోదిత నక్షా ప్రతి. ప్లాటు నంబరు నక్షాలో ఉందో లేదో సరిచూడాలి.
* సర్వే నంబరు హెచ్‌ఎండీఏ చెరువుల పటంలో ఎఫ్‌టీఎల్, బఫర్ పరిధిలోకి వస్తుందేమో చూడాలి. నోటిఫికేషన్ ప్రాథమికమా, తుదిదా అన్నదీ గమనించాలి.
* నీటిపారుదల శాఖ ఇచ్చిన నిరభ్యంతర పత్రం అదే సర్వే నంబరుకు సంబంధించినదేనా అన్నది నిర్ధారించుకోవాలి.
* పాత గ్రామ నక్షాలో నాలా, కాల్వ గుర్తులు ఉన్నాయేమో పరిశీలించాలి. నేడు అవి పూడిపోయి కనిపించకపోవచ్చు.
* గట్టి వానాకాలంలో ఆ స్థలం ఎలా ఉంటుందో చుట్టుపక్కల పాతకాపులను అడిగి తెలుసుకోవాలి.

వివరాల్లో అనుమానం ఉంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేసి, లిఖితపూర్వక సమాధానం అందిన తరువాతే బయానా చెల్లించడం మంచిది.