ఎవరి పాదం, ఎవరి మోజు?

కాలి బొటనవేలు పక్కవేళ్ళ మీదికి ఒరిగి, దాని మొదట్లో ఎముక బయటికి పొడుచుకు రావడాన్ని బనియన్ అంటారు (తొడుక్కునేది కాదు). వైద్యులు పెట్టిన పేరు హాలక్స్ వాల్గస్. ఆ మాట రాగానే ఎత్తు మడమల ఆడవాళ్ళు గుర్తొస్తారు. వాళ్ళ మోజే వాళ్ళ నొప్పికి కారణమన్న తీర్పూ వెంటనే వచ్చేస్తుంది.

కేంబ్రిడ్జ్‌లో దొరికిన ఎముకలు వేరే కథ చెబుతున్నాయి. అక్కడ తవ్వితీసిన 177 మధ్యయుగపు అస్థిపంజరాలపై 2021లో ఒక పరిశోధన వెలువడింది. 11-13 శతాబ్దాల వాళ్ళలో 6 శాతానికే ఉన్న ఈ వంకర, 14-15 శతాబ్దాలకి 27 శాతానికి పెరిగింది. అప్పుడే ఫ్యాషనైన సూదిముక్కు బూట్లే కారణమని పరిశోధకుల అభిప్రాయం. వంకరవేళ్ళవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ! అందులోనూ క్రైస్తవ సన్యాసుల మఠంలో, వాళ్ళ ధనిక దాతల పక్కన పూడ్చిన పాదాలే మెండు. 1463లో ఇంగ్లండ్ చట్టం ప్రభువులకంటే తక్కువ హోదావాళ్ళ బూటు మొనని రెండంగుళాలకి పరిమితం చేసింది.

బూట్లే కాదు, వంశపారంపర్యమూ ఉంది. పైకి కనిపించే బుడిపె కొత్తగా పెరిగిన ఎముక కాదు, పాదంలోని పొడవాటి ఎముక పక్కకి జరగడం వల్ల వచ్చింది. అందుకే బుడిపె ఒక్కటే చెక్కితే వంకర పోదు. 1904లో కెల్లర్ వేలి ఎముక మొదలు కోసేశాడు. కానీ నడకలో చివరి తోపు ఇచ్చేది ఆ వేలే, అది బలహీనపడేది. 1934లో లాపిడస్ జరిగిన ఎముకని వెనక్కి తెచ్చి, దాని మొదటి కీలునే అతికించాడు. ఆ ఆపరేషన్ ఇప్పటికీ ఉంది. ఎముక అతుక్కునేదాకా ఆ కాలికి విశ్రాంతి కావాలి. రోజంతా వంటగట్టు దగ్గర నిలబడే మనిషికి ఆ వారాలు ఎవరిస్తారు?