యూజర్ స్క్రిప్ట్

వెబ్‌సైటును తయారుచేసినవారు కాక, దాన్ని చూసే మనిషి తన బ్రౌజర్లో పెట్టుకునే చిన్న జావాస్క్రిప్ట్ ప్రోగ్రామే యూజర్ స్క్రిప్ట్. పేజీ తెరుచుకోగానే ఇది పనిలోకి దిగుతుంది. అక్కర్లేని పెట్టెలు తీసేస్తుంది, రంగులు మారుస్తుంది, అక్షరాలను పెద్దవి చేస్తుంది, లేని బటన్లు చేరుస్తుంది. సర్వర్లో ఉన్న అసలు పేజీకి ఏమీ కాదు. మార్పంతా ఆ ఒక్క తెర మీదే. ప్రోగ్రామేమీ లేకుండా కేవలం సీఎస్ఎస్ నియమాలతో రూపాన్ని మార్చేదాన్ని యూజర్ స్టైల్ అంటారు. ఈ రెండింటి చరిత్రా ఒకదానితో ఒకటి పెనవేసుకున్నదే.

పేజీ రూపంపై చదివేవారికీ హక్కు ఉండాలన్న ఆలోచన హ్యాకర్లది కాదు, వెబ్ నిర్మాతలదే. 1994 అక్టోబరు 10న, సెర్న్‌లో పనిచేస్తున్న నార్వే ఇంజనీరు హోకన్ వియుమ్ లీ సీఎస్ఎస్‌కు తొలి ప్రతిపాదన ప్రకటించాడు. అందులో ప్రతి నియమం పక్కన ఒక శాతం రాసే వీలుంది. శీర్షిక అక్షరాల పరిమాణంపై పాఠకుడు 40 శాతం పట్టు కోరితే, మిగతాది పేజీ రచయితకు దక్కుతుంది. ఈ వాటాల లెక్క ప్రమాణంగా నిలవలేదు. అయినా బ్రౌజర్‌కు, పాఠకుడికి, రచయితకు వేర్వేరు స్టైల్‌షీట్లు ఉంటాయన్న మూలసూత్రం నిలిచింది. 1996 డిసెంబరులో వెలువడిన సీఎస్ఎస్ మొదటి ప్రమాణంలో, రచయిత, పాఠకుడు ఇద్దరూ ‘ముఖ్యం’ అని గుర్తు పెట్టిన నియమాలు ఢీకొంటే రచయితదే గెలుపు. 1998 మే నెలలో వచ్చిన రెండో ప్రమాణం దీన్ని తిరగేసి, చివరి మాట పాఠకుడికి ఇచ్చింది. చూపు తక్కువైనవారికి ఇది పెద్ద ఆసరా.

కాగితం మీది హక్కు చేతికి రావడమే కష్టమైంది. పాఠకుడు తన స్టైల్‌షీట్ ఎక్కించుకునే సౌకర్యాన్ని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్, ఒపెరా ఇచ్చినా అది సెట్టింగుల్లో ఎక్కడో మారుమూల ఉండేది. బుక్‌మార్క్‌లో జావాస్క్రిప్ట్ ముక్కను దాచుకుని, అవసరమైనప్పుడు నొక్కే పద్ధతి 1990ల చివర ప్రచారంలోకి వచ్చింది. బుక్‌మార్క్‌లెట్ అనే ఆ చిట్కా పనిచేసేది, కానీ పేజీ మారిన ప్రతిసారీ మళ్లీ నొక్కాలి.

ఆ నొక్కుడు తప్పించింది గ్రీజ్‌మంకీ. ఆల్ మ్యూజిక్ సంగీత సైటు 2004లో కొత్త రూపం దాల్చింది. అది నచ్చని ఏడ్రియన్ హొలొవాటీ దాన్ని సరిచేయడానికే ఒక ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ రాశాడు. అది చూసిన ఆరన్ బూడ్‌మన్, సైటుకొక ఎక్స్‌టెన్షన్ ఎందుకు, ఎవరి స్క్రిప్టునైనా నడిపే ఒకే ఎక్స్‌టెన్షన్ చాలు కదా అనుకున్నాడు. 2004 చివర మొదలైన పని 2005లో జనంలోకి వచ్చింది. అదే ఏడాది మార్క్ పిల్‌గ్రిమ్ దీనిపై ఓరైలీ ప్రచురణగా పుస్తకమే రాశాడు. స్క్రిప్టులు పంచుకునే యూజర్‌స్క్రిప్ట్స్ డాట్ ఆర్గ్ కూడా ఆ రోజుల్లోదే. ఒపెరా తన 8వ వెర్షన్‌లోనే యూజర్ స్క్రిప్టులు నడిపే సౌకర్యాన్ని కలిపేసింది.

ప్రమాదం కూడా ఆ ఏడాదే బయటపడింది. స్క్రిప్టులకు గ్రీజ్‌మంకీ ఇచ్చిన ప్రత్యేకాధికారాలను పేజీయే లాక్కుని, వాడుకరి కంప్యూటర్లోని ఫైళ్లను చదవగలదని 2005 జులైలో పిల్‌గ్రిమ్ చూపించాడు. తీసేయండి, లేదా ఆ అధికారాలు లేని వెర్షన్‌కు మారండి అని నిర్మాతలే చెప్పాల్సి వచ్చింది. స్క్రిప్టునూ పేజీనూ వేరుగా ఉంచే కట్టుదిట్టాలు తర్వాత వచ్చాయి.

తెలుగు పాఠకులకు ఇటువంటి అవసరం మరో దారిలో ఎదురైంది. 2000ల ఆరంభంలో ఈనాడు, ఆంధ్రజ్యోతి, వార్త వంటి పత్రికల సైట్లలో యూనికోడ్ లేదు. ఒక్కో పత్రికది ఒక్కో ఫాంటు. రోమన్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు పెట్టి నెట్టుకొచ్చేవారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో వార్తంతా అర్థంలేని రోమన్ గుర్తులే. ఫాంటు ఉన్నా ఒక వాక్యాన్ని కాపీ చేసి వేరేచోట పెడితే మళ్లీ అదే కథ. వెన్న నాగార్జున రూపొందించిన ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ ఆ పేజీలను గుర్తుపట్టి, ఆ ముక్కలను యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపేది. సాంకేతికంగా అది యూజర్ స్క్రిప్ట్ కాదు. కానీ సైటువారు చేయని పనిని పాఠకుడి బ్రౌజర్ చేసి పెట్టడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. వికీపీడియా అయితే ఈ హక్కును తనంతట తానే ఇచ్చింది: తెలుగు వికీపీడియాతో సహా దాని ఏ భాషా విభాగంలోనైనా ఖాతా ఉన్నవారు తమ పేరిట సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ పేజీలు పెట్టుకుని సైటును తమకు నచ్చినట్టు మార్చుకోవచ్చు.

ఇక యూజర్ స్క్రిప్టు పనితీరుకొస్తే, దాని తలభాగంలో కొన్ని వ్యాఖ్య వరుసలుంటాయి: పేరు, ఏ చిరునామాల మీద నడవాలి, ఏ ప్రత్యేకాధికారాలు కావాలి, ఎప్పుడు మొదలవ్వాలి. పేజీ పూర్తిగా వచ్చాక మొదలైతే పాత రూపం ఒక్క క్షణం మెరిసి మాయమవుతుంది. ఇప్పటి సైట్లు సరుకును విడతలవారీగా తెస్తాయి గనుక, పేజీలో కొత్తగా చేరేవాటిని కనిపెడుతూ ఉండాల్సి వస్తుంది. పైగా చాలా సైట్లలో భాగాల పేర్లను యంత్రమే పుట్టిస్తుంది. సైటు మారినప్పుడల్లా అవీ మారిపోవచ్చు. అద్దె ఇంటికి వేయించుకున్న రంగులాంటిది ఇది: యజమాని గోడే పడగొడితే చేసేదేం లేదు.

క్రోమ్ రంగంలోకి వచ్చాక కథ మారింది. బూడ్‌మన్ అప్పటికి గూగుల్‌లో చేరి క్రోమ్ ఎక్స్‌టెన్షన్లపై పనిచేస్తున్నాడు. 2010 ఫిబ్రవరి నాటికి యూజర్ స్క్రిప్టులు క్రోమ్‌లో నేరుగా ఎక్కేవి. అదే ఏడాది యాన్ బినియోక్ క్రోమ్ కోసం గ్రీజ్‌మంకీ లాంటి టాంపర్‌మంకీ ఎక్స్‌టెన్షన్‌ను తెచ్చాడు. 2014లో యూజర్‌స్క్రిప్ట్స్ డాట్ ఆర్గ్ మూతపడింది. జేసన్ బార్నబీ నెలకొల్పిన గ్రీసీ ఫోర్క్ ఆ చోటు నింపింది. ఆ ఏడాదే క్రోమ్ వాడుకరి స్టైల్‌షీట్ సౌకర్యాన్ని ఎత్తేసింది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 పాతరకం ఎక్స్‌టెన్షన్లను వదిలేయడంతో గ్రీజ్‌మంకీని కొత్తగా రాయాల్సి వచ్చింది. పాత స్క్రిప్టులు చాలా ఆగిపోయాయి.

అన్నిటికన్నా చేదు ఉదంతం స్టైలిష్‌ది. యూజర్ స్టైల్స్ కోసం బార్నబీయే 2005లో చేసిన ఈ ఎక్స్‌టెన్షన్ చేతులు మారి, 2017లో సిమిలర్‌వెబ్ సంస్థకు చేరింది. వాడుకరులు చూసిన ప్రతి పేజీ చిరునామా ఆ సంస్థకు వెళుతోందని 2018 జులైలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు రాబర్ట్ హీటన్ వెల్లడించాడు. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండూ దాన్ని తొలగించాయి, కొన్ని నెలల్లో మళ్లీ చోటిచ్చాయి. ఈలోగా స్టైలిష్ పాత కోడు నుంచి పుట్టిన స్టైలస్ వైపు చాలామంది మళ్లారు. పేజీ రంగు మార్చే ఎక్స్‌టెన్షన్ పేజీని చదవకుండా ఆ పని చేయలేదు. కాబట్టి అది ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న.

ఎక్స్‌టెన్షన్లు బయటినుంచి తెచ్చిన కోడును నడపరాదని క్రోమ్ కొత్త నిబంధనలు పెట్టింది. యూజర్ స్క్రిప్టులను నడిపే ఎక్స్‌టెన్షన్లు చేసే పనే అది కనుక వాటికి ప్రత్యేక మార్గం వదిలి, డెవలపర్ మోడ్ ఆన్ చేసినవారికే దాన్ని పరిమితం చేసింది. తన తెర మీది పేజీని మార్చుకోవడానికి మామూలు పాఠకుడు డెవలపర్ వేషం కట్టాల్సి రావడం విడ్డూరమే. 2025లో వచ్చిన క్రోమ్ 138 నుంచి ఆ షరతు పోయి, ఒక్కో ఎక్స్‌టెన్షన్‌కు విడిగా అనుమతి స్విచ్ వచ్చింది. అది మొదట ఆఫ్‌లోనే ఉంటుంది; టాంపర్‌మంకీ పెట్టుకున్నా స్క్రిప్టు నడవకపోతే ముందుగా చూడాల్సింది అక్కడే.