ఇంటి ముంగిట పాలీకార్బొనేట్ పైకప్పు: పని మొదలుపెట్టే ముందు తెలుసుకోవాల్సినవి

వాకిట్లోనో, పెరట్లోనో, మేడ మీదనో కాస్త నీడ కావాలంటే ఒకప్పుడు ఇనుప రేకులో, సిమెంటు రేకులో వేసేవారు. రేకు వేస్తే లోపలి గదికి వెలుతురు పోతుంది. అందుకే ఇప్పుడు చాలా ఇళ్లలో పాలీకార్బొనేట్ షీట్లు కనిపిస్తున్నాయి. 1953లో జర్మనీలోని బాయర్ కంపెనీలో హెర్మన్ ష్నెల్, అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్‌లో డేనియల్ ఫాక్స్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా కనిపెట్టిన ప్లాస్టిక్ ఇది. గాజులా వెలుతురు ఇస్తుంది, గాజులా పగలదు.

బజారులో ముఖ్యంగా రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి గట్టిగా ఉండే సాలిడ్ షీట్. రెండోది లోపల సన్నటి గొట్టాల్లా ఖాళీలుండే మల్టీవాల్ షీట్. ఇంటి పనికి ఎక్కువగా వాడేది రెండోదే, ధర కూడా తక్కువ. 6 మి.మీ. మల్టీవాల్ షీట్ చదరపు మీటరుకు 1.3 కిలోలే తూగుతుంది.

గాలి లెక్క

అంత తేలిక కదా అని ఫ్రేము కూడా నాసిరకంగా కట్టించేస్తారు. అసలు ప్రమాదం అక్కడే. 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవున్న పైకప్పుకు షీట్ల బరువు 15 కిలోలు దాటదు. కానీ గంటకు 108 కి.మీ. వేగంతో ఈదురుగాలి వీస్తే చదరపు మీటరుకు దాదాపు 55 కిలోల ఒత్తిడి పడుతుంది. అంటే మొత్తం కప్పు మీద 600 కిలోలు! అదీ కింది నుంచి పైకి లేపేలా. ఐఎస్ 875 ప్రమాణం హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విజయవాడకు, విశాఖకు 50 మీటర్ల గాలివేగాన్ని లెక్కలోకి తీసుకోమంటుంది. ఇది 108 కి.మీ. కన్నా చాలా ఎక్కువే. ఎగిరిన షీటు వీధిలో ఎవరి మీద పడుతుందో చెప్పలేం.

కాబట్టి స్తంభాల బేస్ ప్లేట్లను స్లాబులోకో, బీములోకో యాంకర్ బోల్టులతో బిగించాలి. నాలుగున్నర అంగుళాల పిట్టగోడకు, ప్లాస్టరింగుకు బిగిస్తే ఆగదు. మేడ మీద స్లాబుకు రంధ్రం వేసినచోట వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చేయించాలి, లేకపోతే కింది గదిలో చెమ్మ దిగుతుంది. షీటు కింద అడ్డపైపులు రెండడుగులకు ఒకటి చొప్పున ఉంటే మంచిది. వెల్డింగు, రంగు అన్నీ షీటు ఎక్కించక ముందే ముగించాలి. రంగు పూర్తిగా ఆరాలి, ఎందుకంటే థిన్నర్ తగిలితే పాలీకార్బొనేట్ బీటలు వారుతుంది.

ఎండ లెక్క

గాలికి గట్టిగా పట్టి ఉంచాల్సిన ఈ షీటునే ఎండకు మాత్రం కదలనివ్వాలి. పాలీకార్బొనేట్ ఇనుముకన్నా అయిదు రెట్లకు పైగా సాగుతుంది. చలికాలం రాత్రికి, మే నెల మధ్యాహ్నానికి షీటు వేడిలో 45 డిగ్రీల తేడా వస్తే 3 మీటర్ల షీటు దాదాపు 9 మి.మీ. పెరుగుతుంది. స్క్రూకు సరిపోయినంతే రంధ్రం వేసి బిగించేస్తే షీటుకు కదిలే చోటుండదు. ముందు టపటపా చప్పుడొస్తుంది, తర్వాత రంధ్రం దగ్గర చీలుతుంది, వానకు అక్కడే కారుతుంది. మిస్త్రీ సిలికాన్ పూసి పోతాడు, మళ్లీ కారుతుంది. రంధ్రం స్క్రూకన్నా మూడు నాలుగు మిల్లీమీటర్లు పెద్దదిగా, అంచుకు కనీసం రెండంగుళాల లోపల ఉండాలి. పైన వెడల్పాటి రబ్బరు వాషర్ వేసి, షీటు నొక్కుకుపోకుండా బిగించాలి. పక్కపక్క షీట్ల మధ్య, గోడ దగ్గర మీటరుకు 3 మి.మీ. చొప్పున ఖాళీ వదిలి, ప్రొఫైల్‌తో కప్పాలి. సిలికాన్ న్యూట్రల్ రకమే కొనాలి. వెనిగర్ వాసన వచ్చేది ఈ షీటుకు పనికిరాదు.

షీటుకు యూవీ పూత సాధారణంగా ఒకవైపే ఉంటుంది. ఏ వైపన్నది పైనున్న ఫిల్మ్ మీద రాసి ఉంటుంది. ఆ వైపు ఆకాశానికి ఉండాలి. తిరగేస్తే కొన్నేళ్లకే పసుపెక్కి పెళుసవుతుంది. ఫిల్మును బిగించిన రోజే తీసేయాలి, ఎండకు అతుక్కుపోతే రాదు.

మల్టీవాల్ గొట్టాలు వాలు దిశలోనే ఉండాలి. పై చివరను అల్యూమినియం టేపుతో పూర్తిగా మూసి, కింది చివరకు గాలి ఆడే సన్నరంధ్రాల టేపు వేయాలి. ఇది వదిలేస్తే లోపల నాచు, చీమలు చేరతాయి. ఒకసారి చేరితే శుభ్రం చేయడం దాదాపు అసాధ్యం. వాలు మీటరుకు కనీసం 9 సెంటీమీటర్లు, అంటే పదడుగులకు దాదాపు 11 అంగుళాలు. నీళ్లు పక్కింటి గోడ మీదకు పడకుండా గట్టర్ పెట్టించుకోవాలి.

రంగు విషయానికొస్తే మన ఎండలకు పారదర్శకమైనది వద్దు. పాలరంగుదో, గోధుమరంగుదో నయం. గోడకు, కప్పుకు మధ్య వేడి పోయే దారి లేకపోతే ఏ రంగు వేసినా కింద కూర్చోలేరు. దావత్ ఉన్నప్పుడు దేగ్ మాత్రం దీని కింద పెట్టకూడదు. దాదాపు 150 డిగ్రీల వేడికి ఈ ప్లాస్టిక్ మెత్తబడుతుంది, కట్టెల మంట తగిలితే కరిగి చుక్కలుగా రాలుతుంది.

కడగడానికి సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. పైకెక్కాల్సి వస్తే షీటు మీద కాలు పెట్టొద్దు. అడ్డపైపుల మీద ఆనేలా చెక్క పలక వేసుకొని దాని మీదే నిలబడాలి. పైన కరెంటు తీగలు దగ్గరగా ఉంటే పని మొదలుపెట్టే ముందే విద్యుత్ శాఖకు చెప్పాలి. ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలో కప్పు వేస్తే మున్సిపాలిటీ అక్రమ నిర్మాణం అనే వీలుంది, అక్కడ కూడా ముందే అడిగి తెలుసుకోవాలి.