నత్త నడక నుంచి బజర్ మోత దాకా

ఒక పిట్ట నత్తను భోజనానికి పిలిచింది. పిట్ట ఉండేది ఒక లీగు దూరంలో. నత్త రోజుకు అంగుళం మాత్రమే పాకుతుంది. విందుకు ఎప్పటికి చేరుతుంది? ఆ లెక్క రాసినవాడి కొలతల్లో లీగు అంటే 1,500 అంగలు, అంగకు 5 అడుగులు, అడుగుకు 12 అంగుళాలు. గుణిస్తే 90,000 అంగుళాలు, అంటే 90,000 రోజులు. ఆ మహానుభావుడు అక్కడితో ఆగకుండా ఏళ్లలోకి మార్చి మరీ జవాబు చెప్పాడు: 246 సంవత్సరాల 210 రోజులు. పిలిచిన పిట్ట గతేమిటో మాత్రం రాయలేదు.

సుమారు పన్నెండు వందల ఏళ్ల నాటి ఒక లాటిన్ పుస్తకంలో ఇది మొట్టమొదటి లెక్క. కుర్రవాళ్ల బుర్రలకు పదును పెట్టడానికే ఆ పుస్తకం పుట్టిందని దాని పేరే చెబుతుంది. యాభైకి పైగా ప్రశ్నలు, వాటి వెంటే జవాబులు. షార్లమేన్ చక్రవర్తి కొలువులో చదువుల పెద్దగా ఉన్న ఆల్క్విన్ కూర్చాడని అంటారు. మన ఇళ్లలో పులి, మేక, గడ్డిమోపు అని చెప్పుకునే పడవ చిక్కు అందులో తోడేలు, మేక, క్యాబేజీగా కనిపిస్తుంది. సైన్సు, లెక్కల క్విజ్‌కు వెళ్లబోయే హైస్కూలు పిల్లలు ఈరోజు తిరగేసే ప్రశ్నల కట్టకు ముత్తాతల్లో ఇదొకటి.

అంతకు పాతవీ ఉన్నాయి. క్రీ.పూ. 1550 ప్రాంతంలో ఆహ్మెస్ అనే ఈజిప్టు లేఖకుడు నకలు తీసిన పపైరస్ చుట్టలో 7 ఇళ్లు, ఇంటికి 7 పిల్లులు, పిల్లికి 7 ఎలుకలు, ఎలుకకు 7 కంకులు, కంకికి 7 కొలతల ధాన్యం కనిపిస్తాయి. అన్నీ కలిపి 19,607. ఇళ్లనూ పిల్లులనూ ధాన్యాన్నీ ఎవరైనా కలిపి కూడతారా అని అడగకూడదు. అది సంతలో బేరం కాదు, సాధన లెక్క.

మన వైపు వస్తే, 9వ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. దాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మూలంలో జైనం వాసన వచ్చిన చోట్ల మల్లన చేతిలో శివపూజ వచ్చి కూర్చుంది. లెక్క మారకపోయినా, పూలు ఏ గుడికి పోతున్నాయన్నది చదివే పిల్లవాడికి పట్టింపేనని ఆ కవికి తెలుసు. నేటి ప్రశ్నపత్రాల రచయితల్లో ఈ మాత్రం ఎరుక ఉన్నవాళ్లు అరుదు.

ప్రశ్నలతో పందెం వేసుకోవడానికి ఇటలీ పెట్టింది పేరు. ఘన సమీకరణాలలో ఒక రకాన్ని సాధించే కిటుకును డెల్ ఫెర్రో అనే బొలోన్యా పండితుడు రహస్యంగా దాచుకొని, పోయే ముందు ఫియోర్ అనే శిష్యుడికి చెప్పాడు. ఆ ధీమాతో ఫియోర్ 1535లో వెనిస్‌లో లెక్కలు చెప్పుకుంటున్న టార్టాలియాకు సవాలు విసిరాడు. ఒకరికొకరు 30 ప్రశ్నలు ఇచ్చుకోవాలి, ఓడినవాడు 30 విందులు పెట్టాలి. టార్టాలియా రకరకాల ప్రశ్నలు ఇచ్చాడు. ఫియోర్ ఇచ్చిన ముప్ఫయ్యీ ఒకే రకం, ఎందుకంటే అతగాడికి వచ్చింది అదొక్కటే. ఫిబ్రవరి 12 రాత్రి తెల్లవారేలోగా టార్టాలియాకు ఆ కిటుకు తట్టింది. రెండు గంటలు తిరక్కుండానే ముప్ఫయ్యీ తేల్చేశాడు. పందెం విందులు మాత్రం వద్దన్నాడు. ఓడినవాడి ఇంట ముప్ఫై పూటలు కూర్చుని తినడం ఎవరికైనా కష్టమే.

మధ్యలో శతాబ్దాలు గడిచిపోయాయి. బడిపిల్లల పోటీ, దాని కోసం సాధన ప్రశ్నలు, ఆ ప్రశ్నలకొక పత్రిక, ఇవన్నీ ఒక్కచోట కుదిరిన ఏడాది 1894, దేశం హంగరీ. ఆ దేశం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగక తప్పదు.

ఆ జనవరి 1న గ్యోర్ పట్టణంలో డానియెల్ ఆరాన్య అనే బడిపంతులు హైస్కూలు పిల్లలకూ పంతుళ్లకూ ఒక లెక్కల మాసపత్రిక మొదలుపెట్టాడు. సంచికకు కొన్ని కొత్త ప్రశ్నలు. పిల్లలు ఇంటి దగ్గర రోజుల తరబడి తంటాలు పడి సాధనలను పోస్టులో పంపాలి. బాగున్నవి పంపినవాడి పేరుతో, ఊరితో సహా అచ్చయ్యేవి. ముందుముందు బాగా సాధించినవాళ్ల ఫొటోలు కూడా వేశారు. సినిమా తారలకు దక్కే మర్యాద లెక్క చేసిన కుర్రాడికి దక్కిందన్నమాట.

రెండేళ్లకు పత్రిక లాస్లో రాట్స్ చేతికి వచ్చింది. బుడాపెస్ట్‌లోని లూథరన్ హైస్కూల్లో ఆయన పంతులు. జాన్ వాన్ నాయ్‌మన్, యూజీన్ విగ్నర్ ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే. 1963లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న విగ్నర్, ప్రిన్స్‌టన్‌లో తన గది గోడకు ఈ బడిపంతులి ఫొటో తగిలించుకున్నాడు. రాట్స్ సంపాదకత్వం గురించి ఒక ముచ్చట చెబుతారు. పేచ్ పట్టణం నుంచి లిపోట్ వైస్ మళ్లీ చక్కటి సాధన పంపాడంటూ ఆయన తరచూ పాఠం మొదలుపెట్టేవాడట. ఆ వైస్ తర్వాత ఫెయెర్ అని పేరు మార్చుకుని, హంగరీ గణితానికే గురువుగా నిలిచాడు.

అదే 1894 శరదృతువులో పోటీ వచ్చింది. భౌతికశాస్త్రవేత్త లోరాండ్ ఎట్వోష్ విద్యామంత్రి అయిన సందర్భంగా గణిత, భౌతికశాస్త్ర సంఘం ఆయన గౌరవార్థం దాన్ని నెలకొల్పింది. అప్పుడే బడి చదువు ముగించిన పిల్లలకు మూడు ప్రశ్నలు, నాలుగు గంటలు. పుస్తకాలూ నోట్సులూ వెంట తెచ్చుకోవచ్చు! కాపీ కొట్టేందుకు అందులో ఏమీ దొరకదన్న నమ్మకం ప్రశ్న రాసినవాడికి ఉండాలి. మన పరీక్షల్లో చెప్పులు విప్పించి, చేతులు తడిమి లోపలికి పంపేవాళ్లు ఆ నమ్మకాన్ని ఒక్కసారి ఊహించుకోవాలి.

మొదటి ఏడాది మొదటి ప్రశ్న ఇది: x, y పూర్ణసంఖ్యలైతే, 2x+3y ని 17 నిశ్శేషంగా భాగించినప్పుడల్లా 9x+5y ని కూడా భాగిస్తుందని, రెండోదాన్ని భాగించినప్పుడల్లా మొదటిదాన్నీ భాగిస్తుందని నిరూపించండి. పేజీలకు పేజీలు నింపవచ్చు. లేదా మొదటిదాన్ని నాలుగుతో హెచ్చించి రెండోదానికి కలపవచ్చు. వచ్చేది 17x+17y. ఇక రెండింటిలో ఒకటి 17కు లొంగితే రెండోది లొంగక ఏం చేస్తుంది? ఎనిమిదో తరగతి బీజగణితం చాలు. కానీ నాలుగుతో హెచ్చించాలన్న ఆ ఒక్క ఊహ ఏ గైడులోనూ ఉండదు.

ఈ పోటీలో 1897లో వైస్‌కు రెండో బహుమతి వచ్చింది. మరుసటి ఏడు గెలిచిన థియోడర్ వాన్ కార్మాన్ పెద్దయ్యాక విమాన, రాకెట్ శాస్త్రాలకు పెద్దదిక్కయ్యాడు. 1925లో బహుమతి పంచుకున్నవాళ్లలో ఎడ్వర్డ్ టెల్లర్, లాస్లో టిసా ఉన్నారు. జార్జ్ పోల్యా కథ మాత్రం వేరు. పోటీకి వెళ్లాడు, కూర్చున్నాడు, జవాబుపత్రం ఇవ్వకుండానే వచ్చేశాడు. లెక్కలు సాధించడం ఎలాగో ప్రపంచానికి నేర్పిన 1945 నాటి ప్రసిద్ధ పుస్తకం రాసింది ఈయనే. పోటీ పరీక్షలో తెల్లమొహం వేసిన పిల్లల తల్లిదండ్రులకు ఇంతకంటే ఓదార్పు దొరకదు.

పత్రిక మొదటి ప్రపంచ యుద్ధంతో ఆగి, 1925లో భౌతికశాస్త్రాన్ని కూడా కలుపుకుని మళ్లీ లేచింది. ఆ రెండో విడత పిల్లల్లో పాల్ ఎర్డోష్, పాల్ ట్యురాన్ ఉన్నారు. ఇద్దరూ ఎదురుపడకముందే ఒకరి పేరు ఒకరికి ఆ పేజీల్లో పరిచయం. ఇలా పేర్లతో మొదలైన స్నేహాలు బుడాపెస్ట్ పార్కు బెంచీల దాకా వచ్చాయి. ఆ గుంపులో ఎస్తేర్ క్లెయిన్ అనే అమ్మాయి ఒకరోజు ఒక ప్రశ్న వేసింది. ఏ మూడూ ఒకే గీతపై లేని ఐదు చుక్కలు ఎలా పెట్టినా, వాటిలో నాలుగు కలిసి లోపలికి నొక్కుకుపోని చతుర్భుజం అవుతాయి, ఎందుకు? దాన్ని పెంచి పెద్దది చేసి ఎర్డోష్, జార్జ్ సెకరెష్ 1935లో పరిశోధన పత్రం రాశారు. 1937లో సెకరెష్, ఎస్తేర్ పెళ్లి చేసుకున్నారు. దాంతో ఎర్డోష్ ఆ ప్రశ్నకు శుభాంతపు ప్రశ్న అని పేరు పెట్టాడు. ఆ దంపతులు ఆస్ట్రేలియాలో స్థిరపడి, 2005 ఆగస్టు 28న గంట వ్యవధిలో ఇద్దరూ కన్నుమూశారు.

హంగరీ తర్వాత దారి వెడల్పయింది. 1934లో లెనిన్‌గ్రాడ్, మరుసటి ఏడు మాస్కో ఒలింపియాడ్లు మొదలుపెట్టాయి. 1959లో రుమేనియాలో ఏడు దేశాలతో అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ పుట్టింది. భారత జట్టు అందులో అడుగుపెట్టింది 1989లో.

ఈలోగా ప్రశ్నకు ఇంకో జన్మ వచ్చింది, గడియారం పట్టుకుని. 1953లో అమెరికా రేడియోలో కాలేజ్ బౌల్ అనే కార్యక్రమం కాలేజీ జట్ల మధ్య క్విజ్ నడిపింది. ముందు అందరికీ ఒక ప్రశ్న, బజర్ నొక్కి సరిగ్గా చెప్పిన జట్టుకు మాత్రమే బోనస్ ప్రశ్న. ఈ పద్ధతినే 1991లో అమెరికా ఇంధన శాఖ నేషనల్ సైన్స్ బౌల్ పేరుతో బడిపిల్లల దగ్గరికి తెచ్చింది. మొదటి ప్రశ్నకు 4 పాయింట్లు, 5 సెకన్లు. బోనస్‌కు 10 పాయింట్లు, 20 సెకన్లు. ప్రశ్న చదవడం పూర్తికాకముందే బజర్ నొక్కవచ్చు, కానీ తప్పు చెబితే అవతలి జట్టుకు 4 పాయింట్లు దక్కుతాయి. ఐచ్ఛికాలకు ఎ, బి, సి, డి అని కాక డబ్ల్యూ, ఎక్స్, వై, జెడ్ అని గుర్తులు. బి, సి, డి గబగబా పలికితే హాల్లో ఏది ఏదో తెలియదు మరి. ఈ పోటీ నమూనా ప్రశ్నలను ఆ శాఖే అందరికీ ఉచితంగా ఇస్తుంది. వాటితో సాధన చేసే పిల్లలు జవాబు ఒక్కటే నేర్చుకోరు. ప్రశ్నలో ఎన్నో మాట దగ్గర జవాబు బయటపడుతుందో పసిగట్టడం నేర్చుకుంటారు. ఇదొక కొత్త విద్య.

బజర్ జాతరను చూడాలంటే ఘనా వెళ్లాలి. అక్కడి నేషనల్ సైన్స్ అండ్ మ్యాథ్స్ క్విజ్ 1993లో మొదలైంది. టీవీలో మొదట్లో ప్రశ్నలు అడిగింది మేరియన్ ఎవురామా ఆడీ అనే జీవరసాయన శాస్త్ర ఆచార్యురాలు. ఇప్పుడు బడుల పూర్వవిద్యార్థులు పెద్దపెద్ద ఉద్యోగాల్లో ఉండి కూడా జెండాలు, డప్పులతో హాలుకు వస్తారు. చివరి రౌండు పూర్తిగా పొడుపు కథలు. సూచనలు ఒక్కొక్కటిగా వదులుతారు, ఎంత ముందు చెబితే అంత ఎక్కువ పాయింట్లు. ఆ తరహాలో ఒకటి అల్లితే ఇలా ఉంటుంది: దుర్గంధం పేరు మోస్తున్నాను. లోహాన్ని కాను, అయినా గదిలో ద్రవంగా ఉంటాను. ఆవర్తన పట్టికలో 35వ గడి నాది. ఎవరిని? మొదటి సూచనకే బ్రోమిన్ అని చెప్పగల పిల్లకు గ్రీకు మూలం తెలిసి ఉండాలి. మూడోదాకా ఆగితే పట్టిక వస్తే చాలు. పొడుపు కథలు తాతమ్మల నోట విని పెరిగిన తెలుగు జాతి ఈ ఉపాయాన్ని బళ్లలోకి ఎందుకు తెచ్చుకోలేదో అర్థం కాదు.

తెలుగునాట ప్రయత్నాలు లేవని కాదు. జన విజ్ఞాన వేదిక చెకుముకి పత్రిక నడిపి, ఆ పేరుతోనే హైస్కూలు పిల్లలకు సైన్సు పోటీలు పెడుతూ, పల్లెబడి పిల్లలను కూడా వేదిక ఎక్కించింది. కానీ ఊరూరా వెలసింది వేరే సరుకు. బడి పేరు చివర ఒలింపియాడ్ అనో టెక్నో అనో తగిలించుకోవడానికి బోర్డుకు రంగు ఉంటే చాలు. ఆ బళ్లలో పిల్లల చేతికి వచ్చే ప్రశ్నల కట్టలకు రచయిత పేరుండదు, సాధించినవాడి పేరుండదు. ప్రశ్న, నాలుగు ఐచ్ఛికాలు, వెనక పేజీలో కీ. ఒకే లెక్కను ఇద్దరు పిల్లలు రెండు దారుల్లో చేస్తే రెండింటినీ పక్కపక్కన అచ్చువేసే చోటు వాటిలో లేదు. వేగం నేర్పడం తప్పని ఎవరూ అనరు, ఘనా హాలులో ఆ కేరింతలు వింటే అసలే అనలేరు. అయితే ఒక ప్రశ్నను నెలరోజులు జేబులో పెట్టుకు తిరిగి, పొరుగూరి కుర్రాడి సాధన చూసి అసూయపడే అవకాశం పోయింది. పోయిందని గుర్తించినవాళ్లు కూడా తక్కువే.

హంగరీ పత్రిక ఇంకా వస్తోంది. రెండో ప్రపంచ యుద్ధానికి మళ్లీ ఆగి, 1947లో మళ్లీ మొదలై, లెక్కలతో పాటు భౌతికశాస్త్రం, కంప్యూటర్ ప్రశ్నలు కూడా వేస్తోంది. ఎట్వోష్ పోటీ ఇప్పుడు గణితవేత్త కుర్షాక్ పేరుతో నడుస్తోంది. పాత ప్రశ్నలన్నీ సాధనలతో కలిపి 1929లో పుస్తకంగా తెచ్చింది ఆ కుర్షాకే. 1894 నాటి మూడో ప్రశ్నలో చివరి భాగం చిన్నది. భుజాలు వరుసగా ఒక్కొక్కటి చొప్పున పెరుగుతూ, వైశాల్యం 6 అయిన త్రిభుజం ఏది? 3, 4, 5 అని చాలామంది ఊహించేస్తారు, నిరూపణ అడిగితే తలగోక్కుంటారు. రెండోదాన్ని మాత్రం ఇక్కడ విప్పడం లేదు: ఒక వృత్తం, P, Q అనే రెండు బిందువులు ఇచ్చారు. ఆ వృత్తంలో ఒక లంబకోణ త్రిభుజం గీయాలి. లంబకోణం దగ్గరి ఒక భుజం P గుండా, మరొకటి Q గుండా పోవాలి. P, Q ఎక్కడెక్కడ ఉంటే అది కుదరదు? పుస్తకాలు తెరుచుకోవచ్చు, నాలుగు గంటల సమయం ఉంది.